టావి తరువాత కామెర్లు: ‘స్వల్పం’ అని రాసిన ఒక కవాటపు లీకు కథ

ఈ కేసును రాయడానికి రోగి, ఆయన కుమార్తె ఇద్దరూ అంగీకరించారు. ఆయనను గుర్తుపట్టగలిగే వివరాలను కొన్ని తీసివేశాను, కొన్ని మార్చాను. నిర్ణయాలు తీసుకున్న క్రమాన్ని మాత్రం, అందులోని నా పొరపాట్లతో సహా, కదిలించలేదు.

నేపథ్యం

రోగి డెబ్బై దాటిన పెద్దాయన. హైదరాబాద్ శివార్లలో కుమార్తె కుటుంబంతో కలిసి ఉంటున్నారు. పదేళ్లకు పైగా క్రితం బైపాస్ ఆపరేషన్ జరిగింది. రొమ్ము లోపలి ధమనితో వేసిన గ్రాఫ్టు ఇప్పటికీ బాగా పనిచేస్తోంది. చాలాకాలం బీడీలు కాల్చినందువల్ల ఊపిరితిత్తుల సామర్థ్యం తగ్గింది. నాలుగు మెట్లెక్కితే ఆయాసం వస్తోందని, ఒకసారి స్పృహ తప్పి పడిపోయారని మా దగ్గరకు తీసుకువచ్చారు. ఎకోలో బృహద్ధమని కవాటం సున్నం పేరుకుని గట్టిపడి, 0.7 చదరపు సెంటీమీటర్లకు కుంచించుకుపోయి కనిపించింది. కవాటానికి అటూ ఇటూ సగటు పీడన వ్యత్యాసం 48 మిల్లీమీటర్ల పాదరసం ఉంది. గుండె కండరం ఇంకా బాగానే పనిచేస్తోంది.

శస్త్రచికిత్స నిపుణుడితో కూర్చుని మాట్లాడినప్పుడు నిర్ణయం కష్టం కాలేదు. రొమ్ము ఎముకను రెండోసారి తెరవాలి, ఆ ఎముక కిందనే గుండెను బతికిస్తున్న గ్రాఫ్టు పోతోంది, పైగా ఊపిరితిత్తులు బలహీనం. అందుచేత తొడ ధమని ద్వారా కవాటాన్ని అమర్చే టావి పద్ధతినే ఎంచుకున్నాము. 2002లో ఫ్రాన్స్‌లోని రూఆన్ నగరంలో ఆలెన్ క్రిబియే తొలిసారి మనిషికి చేసినప్పుడు ఈ పద్ధతి వేరే దారి లేనివారికోసం పుట్టింది. ఇప్పుడు హైదరాబాద్‌లోని పెద్ద గుండె ఆసుపత్రులలో ఇది రోజువారీ పనులలో ఒకటి.

అయితే ఈ పద్ధతికీ శస్త్రచికిత్సకూ ఉన్న ఒక మౌలికమైన తేడాను చెప్పకుండా ఈ కేసు అర్థం కాదు. సర్జన్ పాత కవాటాన్ని, దానిమీది సున్నాన్ని కత్తిరించి తీసివేసి, కొత్తదాన్ని చుట్టూ కుట్లతో బిగిస్తాడు. మేము టావిలో దేన్నీ తీయము. పాత కవాటాన్ని పక్కకు నెట్టి దాని లోపల కొత్త కవాటపు లోహపు చట్రాన్ని విచ్చుకోనిస్తాము. సున్నం ఎక్కడ గడ్డకట్టి ఉంటే అక్కడ చట్రం గోడకు పూర్తిగా ఆనదు. వంకరగోడలో ద్వారబంధం నిలబెడితే పక్కన సందు మిగిలినట్లు ఇక్కడా సందు మిగులుతుంది. గుండె విశ్రమించే సమయంలో ఆ సందులోంచి రక్తం వెనక్కి వస్తుంది. దీన్నే పారావాల్వులర్ లీకు అంటాము.

ఈయన సీటీ స్కాన్‌లో కవాటపు వలయం చుట్టుకొలత 76 మిల్లీమీటర్లు. ఎడమ కరోనరీ రేకు కింద, ఎడమ జఠరిక నుంచి రక్తం బయటికి వచ్చే దారిలోకి పొడుచుకుని ఐదారు మిల్లీమీటర్ల సున్నపు గడ్డ ఒకటి ఉంది. తనంతట తాను విచ్చుకునే రకం కవాటాన్ని, 29 మిల్లీమీటర్ల సైజులో అమర్చాము. అమర్చగానే మధ్యస్థ స్థాయి లీకు కనిపించింది. లోపలినుంచి 22 మిల్లీమీటర్ల బెలూన్‌తో ఒకసారి విప్పగా అది స్వల్ప స్థాయికి దిగింది.

ఇంకా పెద్ద బెలూన్ వాడవచ్చు కదా అని అప్పుడే బల్ల దగ్గర చర్చ వచ్చింది. నేను వద్దన్నాను. ఆ స్థానంలో ఉన్న సున్నపు గడ్డను బలంగా నెడితే అది గోడను చీల్చే ప్రమాదం ఉంది, అలా చీలితే బల్లమీద నుంచి రోగి లేవకపోవచ్చు. మరోవైపు ఒత్తిళ్ల లెక్క ధైర్యాన్నిచ్చింది. ధమనిలో కింది పీడనం 62, జఠరికలో విశ్రాంతి చివరి పీడనం 16, పై పీడనం 140. మొదటి రెంటి తేడాను మూడోదానితో భాగించి వందతో హెచ్చిస్తే 33 వస్తుంది. ఈ సూచిక 25 కన్నా తగ్గితేనే లీకు ప్రమాదకరమని భావిస్తాము. పైగా ఈ రకపు చట్రం శరీర వేడికి కొన్ని వారాలపాటు ఇంకొంచెం విచ్చుకుంటుంది కనుక లీకు తగ్గే అవకాశం కూడా ఉంది. ఈ మొత్తం ఆలోచనలో తప్పు లేదని ఇప్పటికీ నా అభిప్రాయం. అయితే అదంతా గుండెమీద పడే భారం గురించిన ఆలోచన. ఎర్ర రక్తకణాల సంగతి అందులో ఎక్కడా లేదు.

నాలుగో రోజున ఆస్పిరిన్ ఒక్కదానితో ఇంటికి పంపాము. 2020లో వెలువడిన పాపులర్ టావి అధ్యయనం తరువాత, ఇతర కారణాలేవీ లేనప్పుడు రెండో రక్తం పలచబరిచే మాత్రను మేము కలపడం లేదు. నెల రోజుల ఎకోలో మళ్లీ ‘స్వల్ప లీకు’ అనే వచ్చింది. ఆయన మెట్లెక్కుతున్నారు. మేమూ సంతోషించాము.

సమస్య

పది వారాలకు కుమార్తె ఫోన్ చేసి, నాన్నకు పచ్చకామెర్లు వచ్చాయని, మా మందులేమైనా పడలేదా అని అడిగారు. వెంటనే తీసుకురమ్మన్నాను. వారు వచ్చేసరికి ఇంకో మూడు వారాలు గడిచిపోయాయి. ఆ మూడు వారాలలో ఏం జరిగిందో ఆమె దాచకుండా చెప్పారు. కళ్లు పచ్చబడగానే బంధువుల ఊళ్లో పసరు మందు తాగించారు. ఉప్పు, నూనె, ఆకుకూరలు మానిపించి చప్పిడి పత్యం పెట్టారు. నీరసం తగ్గకపోతే దగ్గరలోని ఆసుపత్రిలో చూపించారు. అక్కడ అల్ట్రాసౌండులో పిత్తాశయంలో రాళ్లు కనిపించాయి, ఆపరేషన్ చేయాలన్నారు. మూత్ర పరీక్షలో రక్తం ఉందని యాంటీబయాటిక్ రాశారు. రక్తం తక్కువగా ఉందని రెండు సీసాలు ఎక్కించారు.

ఈ దారిమళ్లింపులలో ఎవరినీ పెద్దగా తప్పుపట్టలేము. ఆ వయసులో పిత్తాశయపు రాళ్లు ఎందరికో యాదృచ్ఛికంగా కనిపిస్తాయి. కామెర్లు, రాళ్లు రెండూ ఒకేచోట దొరికితే వాటిని ముడిపెట్టడం సహజం. కానీ రిపోర్టులను పక్కపక్కన పెట్టి చూస్తే ముడి విడిపోతుంది. కామెర్లలో పెరిగే పసుపు పదార్థం బిలిరుబిన్ మొత్తం 4.2 ఉంటే, అందులో డైరెక్ట్ భాగం, అంటే కాలేయం పిత్తంలోకి పంపడానికి సిద్ధం చేసినది, 0.6 మాత్రమే. పిత్తనాళం మూసుకుపోతే పెరగవలసింది డైరెక్ట్ భాగం. కాలేయ పరీక్షలో చూసే ఎంజైములలో ఏఎస్‌టీ 110 ఉంది, ఏఎల్‌టీ మాత్రం 26. కాలేయం దెబ్బతింటే ఈ రెండూ కలిసి పెరుగుతాయి. ఏఎస్‌టీ ఒక్కటే పెరిగిందంటే అది ఇంకెక్కడినుంచో వస్తోంది, ఎర్ర రక్తకణాలలో అది పుష్కలంగా ఉంటుంది. మూత్రంలో రసాయన పట్టీ రక్తం ఉందని చూపింది కానీ సూక్ష్మదర్శినిలో ఒక్క కణమూ కనిపించలేదు. అంటే మూత్రంలోకి వస్తున్నది రక్తకణాలు కావు, పగిలిన కణాల నుంచి కారిన హీమోగ్లోబిన్.

అయితే ఈ అంకెలకన్నా ముందు నా కళ్లు తెరిపించినది వేరొకటి. వార్డులో కిటికీ గట్టుమీద ఆరు చిన్న నీళ్ల సీసాలు వరుసగా పెట్టి ఉన్నాయి. ప్రతిదానికీ ప్లాస్టర్ ముక్క అంటించి దానిమీద తేదీ, ‘పొద్దున’, ‘సాయంత్రం’ అని పెన్నుతో రాసి ఉంది. నర్సు తీసేయమని విసుక్కుంటోంది. కుమార్తె తీయనివ్వడం లేదు. “సార్, ఒక్కపారి చూడుండ్రి. పొద్దుగాల మంచిగనే ఉంటది, మాపటికల్ల డికాషన్ లెక్క అయితది. మంచంల పండుకున్న దినం మాపటికి గూడ మంచిగనే ఉన్నది” అన్నారు. పొద్దుటి సీసాలు మూడూ లేత పసుపు, సాయంత్రం సీసాలు రెండు ముదురు గోధుమ, మూడోది లేత పసుపు. ఆ మూడో రోజున ఆయన జ్వరం భయంతో రోజంతా పడుకున్నారట.

పిత్తనాళం మూసుకుపోయినవారికి మూత్రం రోజంతా ముదురుగానే ఉంటుంది. నడిచినప్పుడు ముదిరి, పడుకున్నప్పుడు తేలిపోయే మూత్రం వేరే కథ చెబుతుంది. గుండె వేగంగా, బలంగా కొట్టుకున్నప్పుడు ఎక్కడో ఏదో రక్తకణాలను నలగ్గొడుతోంది.

నిర్ధారణ వరకు

హీమోగ్లోబిన్ 7.4 (టావికి ముందు 12.8), కణాలు పగిలితే పెరిగే ఎల్‌డీహెచ్ ఎంజైము 1,850, పగిలిన కణాల హీమోగ్లోబిన్‌ను పట్టుకునే హాప్టోగ్లోబిన్ కొలవలేనంత తక్కువ, రెటిక్యులోసైట్లు (మజ్జ కొత్తగా వదిలిన ఎర్ర కణాలు) 9 శాతం, మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్ 1.0 నుంచి 1.9కి పెరిగింది. పాథాలజీ విభాగం నుంచి సాయంత్రం ఫోన్ వచ్చింది. స్లైడులో ఏ మూల చూసినా మూడు నాలుగు ముక్కలైన కణాలు, హెల్మెట్ ఆకారంలో, కొమ్ములు మొలిచినట్లు కనిపిస్తున్నాయని చెప్పారు. నాళాల లోపల యాంత్రికంగా కణాలు పగులుతున్నాయనడానికి అంతకన్నా స్పష్టమైన సాక్ష్యం ఉండదు.

అయినా మూడు ప్రశ్నలు దాటకుండా కవాటాన్ని దోషిగా నిలబెట్టదలచుకోలేదు. మొదటిది, కవాటానికి ఇన్‌ఫెక్షన్ సోకిందా అన్నది. కొత్త కవాటం, రక్తహీనత, మూత్రపిండాల దెబ్బ కలిసి వస్తే ఎండోకార్డైటిస్‌ను మొదట కొట్టిపారేయాలి, ఎందుకంటే దాన్ని వదిలేసి లీకు మూయడం అంటే పుండుమీద మూత పెట్టడమే. మూడు వేర్వేరు చోట్ల నుంచి రక్తం తీసి కల్చర్ చేశాము, ఏదీ పెరగలేదు. ఆసుపత్రిలో ఒక్కరోజూ జ్వరం లేదు.

రెండోది రోగనిరోధక వ్యవస్థ తన కణాలనే చంపుతోందా, లేక టీటీపీ (సన్న నాళాలలో గడ్డలు కట్టి కణాలను చీల్చే జబ్బు) వంటిదా అన్నది. మొదటిదాన్ని పట్టిచ్చే కూంబ్స్ పరీక్ష నెగెటివ్. ప్లేట్‌లెట్లు లక్షా నలభై వేలు, టీటీపీలో అవి ఇంత బాగా ఉండవు.

మూడోదే మమ్మల్ని నిజంగా తికమకపెట్టింది. విటమిన్ బీ12 కేవలం 140 ఉంది. మా పీజీ విద్యార్థి ఒకరు, బీ12 లోపంలోనే ఎల్‌డీహెచ్ వేలలోకి వెళ్తుంది, బిలిరుబిన్ పెరుగుతుంది, హాప్టోగ్లోబిన్ కూడా పడిపోతుంది, మరి కవాటం మీద నింద ఎందుకని అడిగారు. మంచి ప్రశ్న. మన దగ్గర శాకాహారులలోనూ, మెట్‌ఫార్మిన్ లేదా గ్యాస్ మాత్రలు ఏళ్ల తరబడి వాడేవారిలోనూ బీ12 లోపం ఎంత మామూలంటే, దాన్ని తలచుకోని డాక్టరు తప్పు చేసినట్లే. కానీ బీ12 లేనప్పుడు ఎముక మజ్జ కొత్త కణాలను బయటికి పంపలేదు, రెటిక్యులోసైట్లు తక్కువగా ఉండాలి. ఇక్కడ 9 శాతం ఉన్నాయి. అంటే మజ్జ కుంటుతూనే అయినా పరుగెడుతోంది. రెండు జబ్బులూ ఉన్నాయి, పెద్దది మాత్రం కణాలు పగలడమే. బీ12 ఇంజెక్షన్లు మొదలుపెట్టి వారం చూశాము. ఎల్‌డీహెచ్ 1,850 నుంచి 1,700కి వచ్చి అక్కడే నిలిచింది. వాదన అలా తేలింది.

ఇక లీకు. ఛాతీమీద నుంచి చేసిన ఎకో మళ్లీ ‘స్వల్పం’ అనే చెప్పింది. చట్రపు లోహం వెనక ఏర్పడే నీడలో ఆ వైపు లీకు దాక్కుంటుందని తెలుసు కనుక, అన్నవాహికలోకి గొట్టం పంపి చేసే ఎకో, అంటే టీఈఈ, చేశాము. ఎడమ కరోనరీ రేకు కింద, సరిగ్గా ఆ సున్నపు గడ్డ పక్కన, సన్నని పదునైన ధార కనిపించింది. వలయం చుట్టుకొలతలో అది పది శాతానికి కూడా రాదు. ప్రమాణాల ప్రకారం పది శాతంలోపు ఉంటే స్వల్పమే, కాబట్టి ఎకో రిపోర్టులు అబద్ధమాడలేదు. కానీ ఆ ధార వేగం సెకనుకు నాలుగు మీటర్లు దాటుతోంది, వెళ్లి నేరుగా సున్నపు గడ్డను కొడుతోంది. వెనక్కి వచ్చే రక్తం కొంచెమే, గుండెకు అది బరువు కాదు. ఆ కొంచెం రక్తం మాత్రం ఇరుకు సందులోంచి రాయికేసి కొట్టుకుని వస్తోంది. లీకు స్థాయిని చెప్పే కొలమానం గుండెకు ఎంత రక్తం వెనక్కి వస్తోందో చెబుతుంది, వచ్చే దారిలో కణాలకు ఏమవుతోందో చెప్పదు. టావి తరువాత కొద్దిపాటి హీమోలిసిస్, అంటే ఎర్ర రక్తకణాలు పగలడం, చాలామందిలో రక్తపరీక్షలకే పరిమితమై ఉండిపోతుంది. ఇంత తీవ్రంగా రావడం అరుదు కనుకనే మాకు కూడా అది మొదటే తట్టలేదు.

మందులతో నాలుగు వారాలు

మొదట మందులతో ప్రయత్నించడానికి బలమైన కారణమే ఉంది. లోహపు చట్రం మీద శరీరపు పొర పెరిగి చిన్న సందులు పూడుకుపోవడం కొందరిలో జరుగుతుంది. ఆ సమయాన్ని మందులతో కొనగలిగితే ఇంకో ప్రొసీజర్ తప్పుతుంది. ఫోలిక్ ఆసిడ్ రోజుకు 5 మిల్లీగ్రాములు ఇచ్చాము. మజ్జ ఇంత వేగంగా పనిచేస్తున్నప్పుడు ఫోలేట్ అవసరం పెరుగుతుంది, సరిగ్గా ఆ సమయంలోనే చప్పిడి పత్యం పేరుతో ఆకుకూరలు ఆగిపోయాయి. పత్యం మానిపించడానికి నేను పడిన పాట్లు మందులు మింగించడానికి కూడా పడలేదు. పెద్దాయన చివరికి ఒప్పుకున్నది, పాలకూర పప్పు కవాటానికి మందు అని నేను చెప్పాకే. నాళాలలో పగిలిన కణాల ఇనుము మూత్రంలోనే పోతుంది కనుక ఐరన్ నిల్వలు చూసి దాన్నీ ఇచ్చాము.

బీటా బ్లాకర్ విషయంలో మాత్రం చాలాసేపు తర్జనభర్జన పడ్డాము. గుండె జోరు తగ్గిస్తే ధార పదును తగ్గుతుంది, నడిస్తే మూత్రం ముదురుతోందన్న కుమార్తె పరిశీలన కూడా అదే సూచిస్తోంది. కానీ గుండె నెమ్మదిస్తే విశ్రాంతి సమయం పెరిగి, లీకయ్యే వ్యవధి కూడా పెరుగుతుంది. పైగా టావి తరువాత ఆయన ఈసీజీలో ఎడమ బండిల్ శాఖ అడ్డంకి (గుండెలో విద్యుత్తు వెళ్లే ఒక దారిలో అడ్డు) మిగిలి ఉంది, మందు తోడైతే ఆ దారి మొత్తం ఆగిపోయే పూర్తి హార్ట్ బ్లాకుకు దారితీయవచ్చు. మధ్యేమార్గంగా అతి తక్కువ మోతాదుతో, రోజంతా ఈసీజీ నమోదు చేసే హోల్టర్ పెట్టి మొదలుపెట్టాము. రక్తపోటు 160 దగ్గర ఉంటే దాన్ని 120కి దింపాము, ఎందుకంటే సందులోంచి రక్తాన్ని తోసేది ధమనిలోని పీడనమే. ఎర్ర కణాలను మెత్తబరుస్తుందని కొందరు పెంటాక్సిఫిల్లిన్ మాత్ర వాడతారు. మేమూ మూడు వారాలు వాడాము, నాకు తేడా కనిపించలేదు.

నాలుగు వారాలలో ఐదు సీసాల రక్తం ఎక్కించవలసి వచ్చింది. ఎక్కించిన పది రోజులకే హీమోగ్లోబిన్ మళ్లీ ఏడులోకి దిగుతోంది. క్రియాటినిన్ తగ్గడం లేదు. మందులతో ఆగేది కాదని అప్పుడు ఒప్పుకున్నాము.

మొదటి ప్రయత్నం, నా పొరపాటు

దారులు నాలుగు. పెద్ద బెలూన్‌తో మళ్లీ విప్పడం ఒకటి. సున్నపు గడ్డ ఎక్కడికీ పోలేదు, మొదటిరోజు భయం అలాగే ఉంది. రెండో కవాటాన్ని మొదటిదాని లోపల పెట్టడం ఇంకొకటి. అది కూడా అదే గడ్డను అంతే బలంతో నెడుతుంది, పైగా తరువాత కరోనరీ ధమనులలోకి వెళ్లే దారిని ఇరుకు చేస్తుంది. మూడోది శస్త్రచికిత్సతో మొత్తం తీసి కొత్తది కుట్టడం. సర్జన్ దాన్ని కాదనలేదు కానీ, మిగిలినవన్నీ విఫలమయ్యాకే తన దగ్గరకు రమ్మన్నాడు. నాలుగోది సందులో వాస్కులర్ ప్లగ్, అంటే సన్నని లోహపు తీగలతో అల్లిన బిరడా, పెట్టి మూయడం. దాన్నే ఎంచుకున్నాము. ఈ ఎంపికను ఇప్పటికీ సమర్థిస్తాను. దాన్ని అమలుచేసిన తీరును సమర్థించలేను.

ప్లగ్ సైజును టీఈఈ కొలతతోనే నిర్ణయించాను. సందు సుమారు 5 మిల్లీమీటర్ల గుండ్రని రంధ్రంలా కనిపించింది. 8 మిల్లీమీటర్ల ప్లగ్ తీసుకున్నాను. కొత్తగా సీటీ చేయిద్దామని సహచరుడు అంటే, క్రియాటినిన్ 1.9 ఉన్న మనిషికి మళ్లీ కాంట్రాస్ట్ (మూత్రపిండాలకు భారమయ్యే సీటీ రంగుమందు) ఎందుకు, టావి ముందు తీసిన సీటీ ఉందిగా అన్నాను. పాత సీటీ సున్నం ఎక్కడుందో చెబుతుంది. ఆ సున్నం పక్కన చట్రం ఎలా కూర్చుందో అది చెప్పలేదు కదా! ఇంత చిన్న సంగతి ఆ రోజు నా బుర్రకు తట్టలేదు.

తొడ ధమని నుంచి వైరు పంపి, సందు దాటించి, ప్లగ్ పెట్టాము. టీఈఈ తెరమీద లీకును చూపే రంగు దాదాపు మాయమైంది, అంచున దారంలాంటి గీత మాత్రం మిగిలింది. గది అంతా ఊపిరి పీల్చుకుంది. ప్లగ్‌ను వదిలేసి, వైరు తీసేశాము.

ఐదో రోజున మూత్రం పొద్దున కూడా డికాషన్‌లా ఉంది. ఎల్‌డీహెచ్ 2,940, క్రియాటినిన్ 2.6. లీకు తగ్గింది, రక్తం పగలడం పెరిగింది. తోటకు నీళ్లు పట్టేవారికి ఇది వింతగా తోచదు. పైపు మూతికి బొటనవేలు సగం అడ్డం పెడితే నీరు తగ్గుతుంది, చిమ్మడం పెరుగుతుంది. సందును సగం మూయడమంటే అదే. క్యాథ్ ల్యాబ్‌లో హీమోలిసిస్ కంటికి కనిపించదు. అక్కడ కనిపించేది రంగు, ఆ రంగు తగ్గితే చాలనుకున్నాను.

“మంచిగ చేస్త అంటిరి గద సార్, ఇంకా నల్లగైంది” అని కుమార్తె అన్నప్పుడు, జరిగింది జరిగినట్లు చెప్పాను. సందు పూర్తిగా మూతపడలేదని, దానివల్ల రక్తం మరింత పగులుతోందని, అది నా అంచనా తప్పినందువల్లనని. ఆమె కొంతసేపు మాట్లాడలేదు. తరువాత రెండోసారి చేస్తే పూర్తిగా మూతపడుతుందన్న హామీ ఉందా అని అడిగారు. లేదన్నాను. మూతపడకపోతే ఛాతీ తెరవవలసి రావచ్చని కూడా అప్పుడే చెప్పాను.

రెండో ప్రయత్నం

ఈసారి సీటీతో మొదలుపెట్టాము. ముందు రోజంతా ఊపిరితిత్తులు నిండకుండా చూసుకుంటూ సెలైన్ ఇచ్చి, క్రియాటినిన్ 2.0కి వచ్చాక, 50 మిల్లీలీటర్ల కాంట్రాస్ట్‌తో, గుండె కదలికకు అనుసంధానించి తీశాము. బొమ్మ చూడగానే తప్పు తెలిసింది. సందు గుండ్రంగా లేదు. నెలవంక ఆకారంలో, పది మిల్లీమీటర్ల పొడవు, మూడు మిల్లీమీటర్ల వెడల్పు ఉంది. టీఈఈ తెర ఆ నెలవంకను ఒక చోట అడ్డంగా కోసి చూపితే, ఆ కోతను నేను రంధ్రం అనుకున్నాను. నా గుండ్రని ప్లగ్ నెలవంక ఒక కొమ్ములో ఒదిగి కూర్చుంది, రెండో కొమ్ము తెరిచే ఉంది. ఏ కోణంలో ఎక్స్‌రే కెమెరా తిప్పితే ఆ కొమ్ము చట్రపు నీడ నుంచి విడిగా కనిపిస్తుందో కూడా సీటీయే చెప్పింది.

పూర్తి మత్తులో, టీఈఈ సాయంతో మళ్లీ మొదలుపెట్టాము. మొదటి వైరు సులువుగా దాటింది, అంత సులువుగా దాటడమే నాకు అనుమానం కలిగించింది. కెమెరాను వేరే కోణానికి తిప్పితే, వైరు చట్రం పక్కనుంచి కాక, చట్రపు జాలీ గడిలోంచి లోపలికి దూరి వెళ్లిందని తేలింది. అలాగే ప్లగ్ పెట్టి ఉంటే అది కవాటపు రేకులకు అడ్డుపడేది. వెనక్కి లాగి, మళ్లీ దాటించి, రెండు కోణాలలో చూసుకున్నాకే ముందుకు వెళ్లాము.

సన్నని డయాగ్నస్టిక్ కెథటర్ గుండానే వెళ్లే రకపు 4 మిల్లీమీటర్ల చిన్న ప్లగ్ పెట్టాము. అంచున మళ్లీ అదే దారపు గీత. క్రితంసారి దాన్ని చూసే వదిలేశాను. ఈసారి ప్లగ్ ఇంకా కేబుల్‌కు తగిలించే ఉంది కనుక వెనక్కి లాగేసి, 6 మిల్లీమీటర్లది పెట్టాము. దానికి ముందు సందులో రెండో వైరును పక్కగా ఉంచాము, ప్లగ్ కుదరకపోతే దారి పోకుండా. గీత పోయింది. పది నిమిషాలు ఆగి, రక్తపోటును మందుతో 150 వరకు పెంచి మళ్లీ చూశాము, మత్తులో రక్తపోటు తక్కువగా ఉన్నప్పుడు కనబడని లీకు మేలుకున్నాక కనబడుతుందని. గీత రాలేదు. కవాటపు రేకులు స్వేచ్ఛగా కదులుతున్నాయని, పైనున్న ఎడమ కరోనరీ ధమని ముఖద్వారానికి ఏ అడ్డూ లేదని చూసుకున్నాకే అదనపు వైరు తీసి ప్లగ్‌ను వదిలాము.

ఆ తరువాత

మూడో రోజు సాయంత్రం సీసాలో మూత్రం లేత పసుపు. రెండు వారాలకు ఎల్‌డీహెచ్ 620, మూడు నెలలకు 410. రక్తం ఎక్కించవలసిన అవసరం మళ్లీ రాలేదు. హీమోగ్లోబిన్ 11.2 వరకు వచ్చింది, క్రియాటినిన్ 1.3 దగ్గర నిలిచింది. పిత్తాశయపు రాళ్లవల్ల నొప్పి ఏమీ లేదు కనుక వాటి జోలికి వెళ్లలేదు.

మా విభాగంలో దీనివల్ల మారినవి కొన్ని ఉన్నాయి. టావి అయిన నెలకు ఎకోతోపాటు హీమోగ్లోబిన్, ఎల్‌డీహెచ్ కూడా చూస్తున్నాము. ఈ కేసులో నెల రోజులప్పుడు ఆ రెండూ చేసి ఉంటే, కళ్లు పచ్చబడకముందే పట్టుకునేవాళ్లమని నా నమ్మకం. లీకు మిగిలినవారి డిశ్చార్జి పత్రంలో, మూత్రం డికాషన్ రంగులోకి మారితే వెంటనే ఫోన్ చేయమని తెలుగులో ఒక వాక్యం చేర్చాము. ప్లగ్ పెట్టవలసి వస్తే తాజా సీటీ లేకుండా సైజు నిర్ణయించడం మానేశాను. మూత్రపిండాలు బాగులేకపోయినా సరే, ఎందుకంటే ఈయన మూత్రపిండాలను ఎక్కువగా దెబ్బతీసినది 50 మిల్లీలీటర్ల కాంట్రాస్ట్ కాదు, నేను సగం మూసిన సందు. ప్లగ్ తరువాత తీర్పును కూడా ఎకోకు వదలడం లేదు. రెండో రోజు, ఐదో రోజు ఎల్‌డీహెచ్ చూసి, అది పెరుగుతుంటే ఎకో ఎంత బాగున్నా పని పూర్తి కాలేదనే లెక్క వేస్తున్నాము.

ఇటీవల వచ్చినప్పుడు ఆయన నడిచే లోపలికి వచ్చారు. హాప్టోగ్లోబిన్ ఇప్పటికీ కొలవలేనంత తక్కువగానే ఉంది, అంటే కంటికి కనబడని స్థాయిలో కణాలు ఇంకా పగులుతూనే ఉన్నాయి. మజ్జ ఆ నష్టాన్ని పూడ్చుకోగలుగుతోంది. ఫోలిక్ ఆసిడ్ ఆపలేదు. కింది దవడలో పుచ్చిన పన్ను ఒకటి తీయించుకోవాలట. కవాటానికి ఇన్‌ఫెక్షన్ సోకకుండా గంట ముందు అమాక్సిసిలిన్ 2 గ్రాములు వేసుకోవాలని దంతవైద్యుడి పేరున చీటీ రాసి ఇచ్చాను. కుమార్తె ఆ చీటీని సంచిలో పెట్టుకుంటూ, సీసాలు ఇంక పారేయవచ్చా అని అడిగారు. ఇంకో మూడు నెలలు వారానికొకసారి సాయంత్రం పూట చూడమన్నాను.